ఊరికే

ఊరికే నేర్పుతారంట మే, అనింది దొరసానమ్మ
రొయ్య తల తుంచతా, తన తల ఎత్తకుండా.
పేరుకే దొరసాని. దానికొచ్చిన ఇంగ్లీషు
డబ్బామీది ఫార్టీ కౌంటు, సిక్స్‌టీ కౌంటు, అంతే.

నాకు తెలిసి ముత్తుకూరులో ఊరికే వచ్చేది
ఉప్పుగాలి ఒకటే.
అయినా ఆ రాత్రి ఫోన్లోకి దించుకున్నా.
నా వేలు చూసి తెరుచుకోదు అది.
పదకొండేళ్ళు ఐసునీళ్ళలో నాని
వేలిగీతలు రొయ్యపొట్టుతో పాటే పోయినాయి.
రేషను మిషనుకి గూడా నేనెవరో తెలీదు.
నాలుగంకెలు నొక్కి, దొడ్డిదోవన లోపలికి పోతా.

పిలకాయలు సినిమాలు చూడంగా మిగిలిన నెట్టు
పావుగంట వస్తుంది.
అందులోనే యాడ్లు: తెల్లబడే క్రీము,
బంగారం మీద లోను, మళ్ళీ తెల్లబడే క్రీము.
ఓర్చుకుంటా. ఊరికే కదా.
తర్వాత ఒక ఆడగొంతు, అలుపెరగని గొంతు,
ద బాయ్ ఈట్స్ యాన్ ఆపిల్ అంటుంది.
నేనంటా. వినపడలేదంటుంది.
దుప్పట్లో దూరి, గోడవైపు తిరిగి, మళ్ళీ అంటా.
మా ఆయన నిద్దట్లోనే
"ఎవురు మే ఆ ఆపిలు తినింది?" అంటాడు.

పొద్దున ఐదింటి ఆటోలో
బోర్డులు కూడబలుక్కుంటా పోతా.
ఆక్వా ఫీడ్స్. ఏరేటర్ రిపేర్స్. నో ఎంట్రీ. నో పార్కింగ్.
అన్నిటికన్నా ముందు నాకొచ్చిన మాట నో.
గోడలమీద అదే ఎక్కువ.

తప్పు చెప్తే ఒక గుండె తీసేస్తుంది ఆ గొంతు.
రోజుకి ఐదు గుండెలు.
ఐదూ పోతే రేపటిదాకా నోరు మూసుకోవాల.
ఇరవై ఆరో పాఠం: ఆర్ యూ హ్యాపీ?
యస్, ఐ యామ్ హ్యాపీ.
పచ్చగా వెలిగింది, గంట మోగింది.
చీకట్లో నేను గూడా నవ్వినా, ఎవరికోసమో.

పోయిన బేస్తవారం
సరుకు కొనేవాళ్ళు ఫ్యాక్టరీ చూడను వచ్చినారు.
తెల్లకోటు, వలటోపీ, మా బూట్లలాంటి బూట్లే,
కాకపోతే ఆమె కాళ్ళకి సరిపోయినాయి.
నా బల్లకాడ నిలబడింది.
ముందు నా చేతులు చూసింది, తర్వాతే మొహం.
ఏందో అడిగింది.
ఐసు మిషను మోతలో మాటలన్నీ జారిపోంగా
రెండు మాత్రం నా ఒళ్ళో పడినాయి:
కోల్డ్. హ్యాండ్స్.

సూపర్‌వైజరు మాల్యాద్రి తెలుగు చేసినాడు:
"పని బాగుందా అని అడుగుతుండాది మేడం."
"ఏం బాగులే సారూ," అనింది దొరసానమ్మ,
"గ్లౌజులు చినిగి నెలయింది. వేళ్ళు కొయ్యబారిపోతుండాయి."
మాల్యాద్రి ఆమె వైపు తిరిగి, పండ్లన్నీ కనపడేటట్టు,
"దే ఆర్ వెరీ హ్యాపీ."

ఇన్నేళ్ళూ మా తలలమీదగా
కొంగల బారులాగా ఎగిరిపోయిన మాటలు.
ఒకటొచ్చి నా బల్లమీద వాలింది.
దాని కాలు పట్టుకున్నా.

"నో," అన్నా.
తర్వాతేమనాలో ఇంకా పాఠం రాలా.
"నో మేడం. హ్యాండ్స్... నో హ్యాపీ."
చేతులు చాపినా.
గీతల్లేకుండా, పాలిపోయి,
చేప కడుపుల్లాగా ఉండాయి.

గ్లౌజులొచ్చినాయా అంటావా? రాలా.
ఆమె ఏందో రాసుకోని పోయింది.
నన్ను మటుకు శనివారం నుంచి ఐసు గదికేసినారు.

ఆ సాయంత్రమే గేటుకాడ కాపేసినాడు మాల్యాద్రి.
తిడతాడనుకున్నా.
చెప్పుకొనతో ఇసక గీకతా, గొంతు తగ్గించి,
"నాకొచ్చింది ఆ ఒక్క ముక్కే మే.
నా ముందున్నాయన నేర్పిపోయినాడు,
ఎవరొచ్చి ఏమడిగినా అదే చెప్పమని.
ఇంతకీ... ఊరికేనా అది? పేరేంది?"
ఊరికేనే అన్నా.
నిద్ర సంగతి చెప్పలా.

రాత్రి పాతపాఠాలు తిరగేసింది ఆ గొంతు.
ఆర్ యూ హ్యాపీ?
నో, అన్నా.
ఎర్రగా వెలిగింది. ఒక గుండె పోయింది.
మళ్ళీ అడిగింది.
ఇంకా నాలుగుండాయి.